జేబులో మల్టీటూల్: ఏది కొనాలి, ఎలా వాడాలి – తరచుగా అడిగే ప్రశ్నలు

పద్దెనిమిదేళ్ళుగా నా జేబులో ఏదో ఒక మల్టీటూల్ (చాకు, కత్తెర, స్క్రూడ్రైవర్ లాంటివి ఒకే పిడిలో మడతపడే పనిముట్టు) లేని రోజు లేదు. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే పని నాది. ఇంటి చుట్టుపక్కల ఎవరింట్లో ఏ స్క్రూ ఊడినా కబురు నాకే వస్తుంది. "అన్నా, అలాంటిది నేనూ ఒకటి కొనుక్కుంటా, ఏది తీసుకోమంటావు?" అని అడిగినవాళ్ళకి ఇన్నాళ్ళూ ఫోన్లో విడివిడిగా చెప్పిన సంగతులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

స్విస్ చాకూ, మల్టీటూలూ ఒకటేనా?

రెండూ ఒక అవసరంలోంచే పుట్టాయి కానీ వాటి ఒళ్ళు వేరు. స్విస్ తరహాది మడతచాకు చుట్టూ పెరిగింది. చాకు, కత్తెర, ఓపెనర్, దబ్బనం అన్నీ పక్కపక్కన పొరలుగా మడతపడి ఉంటాయి. రెండో తరహాది ప్లయర్ చుట్టూ పెరిగింది. పిడులు రెండూ వెనక్కి తిప్పితే మధ్యలోంచి ప్లయర్ బయటికొస్తుంది, మిగతావన్నీ ఆ పిడుల్లో దాక్కుని ఉంటాయి.

మొదటిదాని కథ స్విట్జర్లాండులో మొదలైంది. అక్కడి సైనికుడికి 1889 మోడల్ రైఫిల్ విప్పడానికి స్క్రూడ్రైవర్ కావాలి, డబ్బాలో వచ్చే తిండి తెరవడానికి ఓపెనర్ కావాలి. ఇబాక్ అనే ఊళ్ళో 1884లో కత్తుల పని మొదలుపెట్టిన కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి ఆ చాకులు అందించాడు. 1897లో రెండో బ్లేడూ, సీసా బిరడా తీసే మెలికల కార్క్‌స్క్రూ చేర్చి, కాస్త తేలికగా ఉండే ఆఫీసర్ల చాకు రిజిస్టర్ చేయించాడు. ఇవాళ మనం చూసే ఎర్ర చాకు దాని సంతానమే. ఎల్సెనర్ వాళ్ళమ్మ పేరు విక్టోరియా. తుప్పు పట్టని ఉక్కుకి అక్కడి వాడుక మాట ఇనాక్స్. రెండూ కలిసి అతని కంపెనీ పేరు విక్టోరినాక్స్ అయింది.

రెండోదాని వెనక టిమ్ లెదర్‌మ్యాన్ అనే అమెరికన్ ఉన్నాడు. 1975లో భార్యతో కలిసి ఒక పాత ఫియట్ కారులో యూరప్ తిరిగాడు. కారు మొరాయించేది, హోటల్ గదుల్లో కొళాయిలు కారేవి. జేబులో చాకు ఉంది కానీ ప్లయర్ లేదు. ఇంటికొచ్చాక నెల రోజుల్లో తయారుచేస్తాననుకున్న నమూనాకి మూడేళ్ళు పట్టింది. కంపెనీ పెట్టేసరికి 1983 వచ్చింది.

ఈ రెండు కథలూ చెప్పడానికి కారణం ఉంది. ఎల్సెనర్ ముందున్నది సైనికుడి అవసరం, లెదర్‌మ్యాన్ ముందున్నది తన కారు. కొనేటప్పుడు మీ ముందుండాల్సింది మీ అవసరం.

నాకు ఏది కావాలో ఎలా తేల్చుకోవాలి?

దుకాణానికి వెళ్ళకముందే తేల్చుకోవాలి. నేను అందరికీ చెప్పేది ఒకటే పద్ధతి. ఒక చిన్న కాయితం ముక్క, పెన్ను రెండు వారాలపాటు జేబులో ఉంచుకోండి. పంటితో ఏదైనా కొరికిన ప్రతిసారీ, తాళంచెవితో అట్టపెట్టె చీల్చిన ప్రతిసారీ, గోటితో స్క్రూ తిప్పబోయిన ప్రతిసారీ, "ఒరేయ్, కత్తెరెక్కడ పెట్టావ్?" అని లోపలికి కేకేసిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన ఏ పనిముట్టు కావలసి వచ్చిందో రాయండి.

నేను ఈ పని చేసేనాటికి పెద్ద ప్లయర్ మల్టీటూల్ కొనడానికి డబ్బులు కూడా పక్కన పెట్టుకుని ఉన్నాను. రెండు వారాల్లో 23 గీతలు పడ్డాయి. పాల పాకెట్లు, మాత్రల షీట్లు, చొక్కా అంచున వేలాడే దారం, పిల్లల ప్రాజెక్టు అట్టలు, ఇలా కత్తెర పనులే 11. చాకుకి 5 పడ్డాయి, కొరియర్ పెట్టెలూ జామకాయలూ కలిపి. స్టార్ స్క్రూడ్రైవర్‌కి 4. అరచేతిలో ముల్లు తీయడానికి ట్వీజర్ 2 సార్లు (మా నాన్నమ్మ దాన్ని శ్రావణం అనేది). ప్లయర్ కావలసి వచ్చింది ఒక్కసారి, అదీ ఇంట్లో, ఉతికే మిషను పక్కన కొళాయి దగ్గర. ఇంట్లో అయితే పనిముట్ల పెట్టె ఉండనే ఉంది కదా.

ఆ కాయితం చూశాక కొనాలనుకున్నది మానేసి, కత్తెర ఉన్న స్విస్ చాకు కొన్నాను. మీ కాయితం వేరే మాట చెప్పవచ్చు. మా చిన్నాన్నకి కోనసీమలో కొబ్బరితోట ఉంది. ఆయన రాస్తే సగం గీతలు ప్లయర్‌కే పడ్డాయి: మోటారు స్టార్టరు దగ్గర నట్లు, కంచె తీగ, డ్రిప్ పైపుల క్లిప్పులు. ఇద్దరం ఒకే రక్తం, ఇద్దరికీ ఒకే టూల్ పనికిరాదు.

తాళాల గుత్తికి వేసుకునే చిన్నది సరిపోతుందా?

ఊళ్ళో ఉద్యోగం చేసుకునేవాళ్ళలో ఎక్కువమందికి సరిపోతుంది. ఈ మాట నమ్మకంగానే అంటున్నాను. విక్టోరినాక్స్ క్లాసిక్ ఎస్‌డీ పొడవు 58 మిల్లీమీటర్లు, బరువు 20 గ్రాములకి అటూఇటూ. అందులో ఒక చిన్న బ్లేడు, కత్తెర, కొసన సన్నని స్క్రూడ్రైవర్ ఉన్న గోళ్ళ ఆకురాయి, ట్వీజర్, పళ్ళపుల్ల ఉంటాయి. జేబులో ఉన్నట్టే తెలియదు. ఆ కత్తెర చూడ్డానికి బొమ్మలా ఉంటుంది గానీ మాత్రల షీటు, దారం, పాకెట్టు మూల శుభ్రంగా కోస్తుంది. చీరకీ చుడీదారుకీ జేబులుండవు కాబట్టి మా ఆవిడ, మా వదిన ఇద్దరూ ఇదే తాళాల గుత్తికి వేసుకున్నారు. ఇంట్లో అందరికంటే ఎక్కువ వాడేది వాళ్ళే.

దీనితో చేయలేనివి రెండు. స్విచ్‌బోర్డులకి ఉండే పెద్ద స్టార్ స్క్రూలు తిప్పలేదు. గట్టిగా నొక్కి కోయాల్సిన పని దీనికి పెట్టకూడదు, పిడి వేళ్ళలోంచి జారుతుంది.

కత్తెరే ముఖ్యమైన పనిముట్టుగా కావాలంటే లెదర్‌మ్యాన్ మైక్రా ఉంది. పిడులు విప్పితే ప్లయర్ బదులు కత్తెర వస్తుంది. సుమారు 50 గ్రాములు. కుట్టుపని చేసేవాళ్ళకి బాగా నచ్చుతుంది.

స్పార్టన్, టింకర్, క్లైంబర్, హంట్స్‌మన్… ఈ పేర్ల తేడా ఏమిటి?

ఇవన్నీ విక్టోరినాక్స్ వాళ్ళ చాకులే, మూసినప్పుడు 91 మిల్లీమీటర్లుండే కుటుంబం. పేర్లు వదిలేసి రెండు సంగతులు చూడండి: వీపున (బ్లేడులు తెరుచుకునే వైపుకి వెనక) ఏముంది, మధ్యలో ఏ పొరలున్నాయి.

వీపున కార్క్‌స్క్రూ ఉంటే స్పార్టన్. అదే చోట స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే టింకర్. స్పార్టన్‌కి కత్తెర, కొక్కెం చేరితే క్లైంబర్, టింకర్‌కి అవే చేరితే సూపర్ టింకర్. క్లైంబర్‌కి రంపం కూడా చేరితే హంట్స్‌మన్. పొర పెరిగినకొద్దీ లావు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది.

నా జేబులో ఉండేది సూపర్ టింకర్. మన ఇళ్ళలో సీసా బిరడాలు తీసే పని తక్కువ, స్టార్ స్క్రూలు ఎక్కువ. అయితే ఒక చిన్న రహస్యం ఉంది. ఈ చాకుల్లో డబ్బా ఓపెనర్ కొస సన్నగా ఉంటుంది, అది చిన్న స్టార్ స్క్రూల్లో చక్కగా కూర్చుంటుంది. రిమోట్ మూత, పిల్లల బొమ్మ బ్యాటరీ గది, కాలింగ్ బెల్ పెట్టె విప్పడానికి నేను వాడేది ఆ కొసే. అందుకని మీ దగ్గర ఇప్పటికే స్పార్టనో క్లైంబరో ఉంటే మార్చుకోవాలని తొందరపడకండి.

ఎర్ర ప్లాస్టిక్ పిడి నచ్చకపోతే అల్యూమినియం పిడులున్నవి ఉన్నాయి. 93 మిల్లీమీటర్ల పయనీర్ అలాంటిదే. దానికి కత్తెర చేరిస్తే పయనీర్ ఎక్స్, రంపం చేరిస్తే ఫార్మర్. గట్టివి, కింద పడినా లెక్కచేయవు. ట్వీజర్, పళ్ళపుల్ల మాత్రం ఉండవు.

కార్క్‌స్క్రూ మనకెందుకు?

సీసాల సంగతి వదిలేయండి. బిగుసుకుపోయిన పీటముడి విప్పడానికి దాన్ని మించినది లేదు. గోరు దూరని ముడిలో కొస దూర్చి, మెలితిప్పి లాగితే ముడి వదులవుతుంది. బస్తా తాడు, బూటు లేసు, పందిరికి కట్టిన నైలాను తాడు ఏదైనా సరే.

ఇంకొకటి కళ్ళారా చూడాలి. ఆ మెలికల మధ్య చుట్టుకుని దూరే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి విడిగా దొరుకుతుంది, అగ్గిపుల్లంత కూడా ఉండదు. ఒకసారి అమ్మతో విశాఖ వెళ్తున్నాను. రైలు సామర్లకోట దాటాక అమ్మ కళ్ళజోడు కాడ ఊడి ఒళ్ళో పడింది. స్క్రూ చీర మడతలో దొరికింది, నువ్వుగింజంత ఉంది. అప్పట్లో నా దగ్గరున్నది క్లైంబర్. కార్క్‌స్క్రూ తెరిచి, ఆ బుల్లి స్క్రూడ్రైవర్ మెలికల్లోంచి తిప్పి తీశాను. ట్వీజర్‌తో స్క్రూ పట్టుకుని రంధ్రంలో నిలబెట్టి, బండి ఊగడం ఆగే క్షణం కోసం చూసి, అన్నవరం స్టేషన్లో ఆగినప్పుడు నాలుగు చుట్లు బిగించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని కిటికీలోంచి కొండవైపు చూసి దండం పెట్టుకుంది. ఆ పని పెద్ద ప్లయర్‌తో అయ్యేది కాదు.

మరి ప్లయర్ ఉన్నది ఎవరు కొనాలి?

రోజూ చేతికి నట్టో తీగో తగిలేవాళ్ళు. రైతులు, కేబుల్ పనివాళ్ళు, బండిమీద దూరాలు తిరిగేవాళ్ళు, షామియానా, సౌండ్ సిస్టం పనుల్లో ఉన్నవాళ్ళు. లెదర్‌మ్యాన్ వేవ్ ప్లస్ ఇందులో బాగా పేరున్నది. 241 గ్రాములు, మడిస్తే 10 సెంటీమీటర్లు. చాకులు రెండూ ప్లయర్ తెరవకుండానే బయటినుంచి తెరుచుకుంటాయి. తీగ కోసే అంచులు అరిగితే వాటిని మాత్రం మార్చుకోవచ్చు. నా దృష్టిలో ఆ టూల్లో అన్నిటికన్నా విలువైన సంగతి అదే. ఎందుకంటే గట్టి స్టీలు తీగ కోస్తే మొదట చెడేది ఆ అంచులే.

బరువు వద్దనుకుంటే స్కెలిటూల్ ఉంది, 142 గ్రాములు. ప్లయర్, చాకు, బిట్లు మార్చుకునే స్క్రూడ్రైవర్, సీసా మూత తీసే కొక్కెం, అంతే. కత్తెర లేదు. మీ కాయితంలో కత్తెర గీతలు ఎక్కువగా ఉంటే దీని జోలికి పోవద్దు. విక్టోరినాక్స్ వాళ్ళ స్విస్ టూల్ స్పిరిట్ 200 గ్రాములు దాటుతుంది. నునుపైన అంచులు, చేతిని గుచ్చుకోదు, కత్తెర కూడా మంచిది.

ఈ తరగతివి మన దేశంలో ఐదంకెల ధరకి వస్తాయి. అంత పెట్టేముందు తెలిసినవాళ్ళ దగ్గర ఒకటి అడిగి తీసుకుని ఒక రోజంతా జేబులో వేసుకుని తిరగండి. 241 గ్రాములంటే ఫోనుకి తోడు ఇంకో ఫోను. పల్చటి ప్యాంటు జేబు వేలాడుతుంది. వారం తిరక్కుండా అది బండి డిక్కీలోకో బీరువాలోకో పోతుంది. బీరువాలో ఉన్న వేవ్ కంటే తాళాల గుత్తికి ఉన్న 20 గ్రాముల చాకుతోనే ఎక్కువ పనులు అవుతాయి.

ఎన్ని పనిముట్లుంటే అంత మంచిదా?

కాదు. విక్టోరినాక్స్ స్విస్‌చాంప్‌లో 33 పనులు చేయవచ్చని లెక్క. బరువు 185 గ్రాములు, పిడి గుప్పిట్లో ఇమడదు. భూతద్దం నుంచి చేప పొలుసులు గీరేదాకా అన్నీ ఉన్నాయి. చూడముచ్చటగా ఉంటుంది, నేనూ ఒకటి కొన్నాను, ఇప్పుడు అది బల్లమీద ఉంటుంది. పైగా ఆ లెక్కలో ఒకే ఓపెనర్ మూడు పనులకి లెక్కకొస్తుంది: ఓపెనర్, దాని కొసన స్క్రూడ్రైవర్, పక్కన తీగ తోలు వలిచే గాడి. పెట్టె మీద అంకె చూసి కొనకండి, మీ కాయితం మీది గీతలు చూసి కొనండి.

ఐదొందలకి 11 పనులు చేసే టూల్ దొరుకుతోంది కదా, అది చాలదా?

ఆ ధరకి దొరికేవాటిలో చాలావరకు మెత్తని ఇనుము. ఒకటి కొని చూశాను. మూడో స్క్రూ దగ్గర స్టార్ కొస గుండ్రంగా అరిగిపోయింది, స్క్రూ తల కూడా పాడైంది. ప్లయర్ మూస్తే రెండు దవడలూ ఎదురెదురుగా కలవలేదు, వెలుతురుకి పట్టి చూస్తే కొసన సందు కనిపించింది. డబ్బులు పోవడం ఒక ఎత్తు. జారిన స్క్రూడ్రైవర్ ఎడమ అరచేతిలో దిగడం ఇంకో ఎత్తు.

తక్కువ ధరలో కావాలంటే చైనా కంపెనీల్లోనే పేరు నిలబెట్టుకున్నవి ఉన్నాయి: గాంజో, నెక్స్‌టూల్, రాక్సన్. లెదర్‌మ్యాన్ ధరలో చిన్న భాగానికే వస్తాయి, నిజాయితీగా పనిచేస్తాయి. సుత్తి తల ఉన్నవి, ఏటీఎం కార్డు ఆకారంలో ఉన్న రేకులు మాత్రం ఎవరికీ కొనమని చెప్పను.

చేతిలోకి తీసుకున్నప్పుడు చూడాల్సినవి: ప్లయర్ మూసి వెలుతురుకి పట్టండి, మధ్యలో గీతలా వెలుగు రాకూడదు. ప్రతి బ్లేడూ తెరిచి పక్కలకి ఊపండి, కదలకూడదు. మూసినప్పుడు 'టక్' మని స్ప్రింగు లాక్కోవాలి. అన్నీ తెరిచి మూశాక మీ గోరు విరక్కుండా ఉండాలి. కొత్తవి కొన్ని బిగుతుగా ఉంటాయి, వాడగా వదులవుతాయి.

స్టీలు గురించి ఎంత పట్టించుకోవాలి?

కొంచెమే. లెదర్‌మ్యాన్ ఎక్కువగా వాడేది 420హెచ్‌సీ అనే స్టెయిన్‌లెస్ రకం. విక్టోరినాక్స్‌ది దాదాపు 56 రాక్‌వెల్ (లోహం గట్టిదనానికి కొలత) ఉన్న స్టెయిన్‌లెస్. రెండూ చాలాకాలం పదును నిలుపుకునే రకాలు కావు. కానీ తుప్పుకి బాగా తట్టుకుంటాయి, ఐదు నిమిషాల్లో మళ్ళీ పదునెక్కుతాయి. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఉండేవాళ్ళకి గొప్ప పదునుకంటే ఈ గుణమే ఎక్కువ పనికొస్తుంది.

బ్లేడుకి లాక్ ఉండాలా?

గుచ్చే పని, నొక్కే పని ఎక్కువగా ఉంటే ఉండాలి. మామూలు స్విస్ చాకుల్లో బ్లేడుని పట్టి ఉంచేది వీపు స్ప్రింగు ఒక్కటే. వెనకనుంచి బలం పడితే మూసుకుపోతుంది. బెల్టుకి రంధ్రం పెట్టబోయి చాకు కొసతో పొడిచి, అది మడతపడి చూపుడువేలు కోసుకున్నాను. మూడు కుట్లు పడ్డాయి. అదే చాకు వీపున దబ్బనం ఉంది. రంధ్రం పెట్టడానికే ఇచ్చిన పనిముట్టది. తోలు కింద చెక్క ముక్క పెట్టి, దబ్బనం నిలబెట్టి, మెల్లగా తిప్పుతూ దింపాలి. చాకు కోయడానికే.

కరెంటు పనికి వాడవచ్చా?

మెయిన్ ఆపి, ఆగిందని టెస్టర్‌తో చూసుకున్నాకే. మల్టీటూల్ పిడి ఇనుమే. మామూలు ఎలక్ట్రీషియన్ ప్లయర్‌కి ఉండే రబ్బరు తొడుగు దీనికి ఉండదు. స్విస్ చాకు పిడి ప్లాస్టిక్ కదా అనుకోకండి, లోపలి పొరలన్నీ లోహమే, వేలు వాటికి తగులుతూనే ఉంటుంది. మన ఇళ్ళలో వచ్చేది 230 వోల్టులు. బోర్డు మీద స్విచ్ ఆపితే చాలదు. కొన్ని పాత ఇళ్ళలో స్విచ్ న్యూట్రల్ తీగ మీద ఉంటుంది, అలాంటప్పుడు ఆపినా ఫేజు హోల్డర్ దాకా వస్తూనే ఉంటుంది. మెయిన్ దించండి. తడిచేతులతో, మోటారు దగ్గర బురదలో నిలబడి అసలే వద్దు.

జేబులో చాకు ఉంటే పోలీసులు పట్టుకుంటారా?

ఆయుధాల నిబంధనలు లైసెన్సు అడిగేది 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న బ్లేడులకి. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకి చేసినవి అందులోంచి మినహాయింపు. మన మల్టీటూల్ బ్లేడు 3 అంగుళాల దగ్గరే ఆగిపోతుంది.

అలాగని ఎక్కడైనా తీసుకెళ్ళవచ్చని కాదు. ఎన్నికలు, ఊరేగింపులు, గొడవలు జరిగే రోజుల్లో పాత 144, ఇప్పటి 163 సెక్షన్ కింద ఆంక్షలు పెడతారు. అప్పుడు ఇంట్లో వదిలేయండి. కోర్టు, పరీక్ష కేంద్రం, ఓట్ల లెక్కింపు కేంద్రం, సభలు – వీటికి వెళ్ళే రోజుల్లోనూ అంతే. తిరుమల వెళ్తున్నప్పుడు అలిపిరిలో సామాను స్కాన్ చేస్తారని ముందే గుర్తుంచుకోండి. ఎవరైనా ఆపితే నెమ్మదిగా, "ఇది పనిముట్టండీ, ఇందులో కత్తెర, స్క్రూడ్రైవర్ ఉన్నాయి" అని మూసి ఉన్నదాన్నే చేతికివ్వండి. బ్లేడు తెరిచి చూపించకండి.

విమానంలో?

చాకు ఉన్నది ఏదైనా చెకిన్ సామానులోకే. తాళాల గుత్తికి ఉన్న బుల్లిదైనా అంతే. శంషాబాదులో ఒకసారి నా క్లాసిక్ ట్రేలో వదిలి వెళ్ళాల్సి వచ్చింది. తాళాలు ఎప్పుడూ జేబులో ఉంటాయి కాబట్టి దానికి చాకు ఉందనే గుర్తులేదు. అప్పటినుంచి చాకుకి విడిగా ఊడే చిన్న కొక్కెం వేసుకున్నాను, బయల్దేరే ముందురోజు రాత్రే తీసి పెట్టెలో పడేస్తాను.

అమెరికాలో చాకు లేని పనిముట్టు 7 అంగుళాలలోపు ఉంటే, కత్తెర అయితే బందు దగ్గర్నుంచి 4 అంగుళాలలోపు ఉంటే క్యాబిన్లోకి అనుమతి ఉంది. ఆఖరి మాట మాత్రం అక్కడున్న అధికారిదే.

యూకేకి చదువుకి వెళ్తున్నాను, తీసుకెళ్ళనా?

ఈ ప్రశ్న ప్రతి ఆగస్టులో వస్తుంది, జాగ్రత్తగా చదవండి. యూకేలో అంచు 3 అంగుళాలు మించకుండా, లాక్ పడకుండా మడిచే చాకు కారణం చెప్పనక్కర్లేకుండా జేబులో ఉంచుకోవచ్చు. లాక్ పడే బ్లేడు ఎంత చిన్నదైనా ఆ మినహాయింపు కిందికి రాదు. వేవ్, స్కెలిటూల్ రెంటికీ లాక్ ఉంది. గదిలో ఉంచుకోవచ్చు, సరైన కారణం లేకుండా జేబులో వేసుకుని బస్సెక్కితే నేరం. ఇక్కడినుంచి తీసుకెళ్ళేవాళ్ళకి నేను క్లాసిక్‌గానీ, లాక్ లేని 91 మిల్లీమీటర్ల స్విస్ చాకుగానీ చెబుతాను, అదీ చెకిన్ పెట్టెలో. యూనివర్సిటీ ప్రాంగణానికీ హాస్టలుకీ సొంత నియమాలుంటాయి, చేరగానే అవి చూసుకోండి.

జర్మనీలో ఒంటిచేత్తో తెరుచుకుని లాక్ పడే చాకులు వెంట తిప్పడం మీద ఆంక్ష ఉంది. వేవ్ అలాంటిదే. అమెరికాలో రాష్ట్రానికొక చట్టం, కొన్నిచోట్ల నగరానికొకటి. మీరుండే ఊరి నియమం చూశాకే జేబులో వేసుకోండి.

శుభ్రం చేయడం, నూనె వేయడం ఎలా?

మామిడిపండు కోసి తుడిచి మూసేస్తే నెల తిరిగేసరికి బ్లేడు తెరుచుకోదు. రసం కీలులోకి దిగి జిగురవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు వేసి, అన్నీ తెరిచి, పాత టూత్‌బ్రష్‌తో కీళ్ళ దగ్గర రుద్దండి. నీళ్ళలో ఉంచే ఒక్కో బ్లేడునీ పది పన్నెండు సార్లు తెరిచి మూయండి. నల్లటి మడ్డి బయటికొస్తుంది. తర్వాత అన్నీ తెరిచి ఎండలో కాకుండా ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి.

ఆరాక కీలుకి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె. కొబ్బరినూనె, వంటనూనె వద్దు: మొదటిది చలికి గడ్డకడుతుంది, రెండోది కొన్నాళ్ళకి బంకలా గట్టిపడుతుంది. పళ్ళు కోసే బ్లేడైతే పైన అంటిన నూనె పూర్తిగా తుడిచేయండి. సముద్రం దగ్గర ఉండేవాళ్ళు నెలకొకసారి, మిగతావాళ్ళు మూడు నెలలకొకసారి చేస్తే చాలు. కత్తెర మధ్యలో సన్నని స్ప్రింగు ఉంటుంది, ఏళ్ళు గడిచాక అది విరుగుతుంది. విరిగిందని చాకు పడేయకండి, ఆ స్ప్రింగు ఒక్కటే మార్చుకోవచ్చు. విక్టోరినాక్స్ తయారీ లోపాలకి జీవితకాలం, లెదర్‌మ్యాన్ 25 ఏళ్ళు హామీ ఇస్తాయి. బిల్లు ఫోటో తీసి దాచుకోండి.

సాన ఎవరితో పట్టించాలి?

మీరే పట్టుకోండి. వీధుల్లో సైకిలు చక్రంతో సాన పట్టేవాళ్ళు కత్తిపీటకి, కొడవలికి చక్కని పదును తెస్తారు. ఈ సన్నని బ్లేడుకి మాత్రం ఆ చక్రం వేడి పనికిరాదు, అంచు బాగా వేడెక్కితే దాని గట్టిదనం పోవచ్చు, లోహం కూడా చాలా అరిగిపోతుంది. మెత్తని సానరాయి మీద నీళ్ళు చల్లి, బ్లేడుని 15–20 డిగ్రీల వాలులో పెట్టి, రాయిమీద పల్చని పొర కోస్తున్నట్టు ముందుకి తోయండి. ఒక్కో వైపు పదిసార్లు. రాయి లేకపోతే పింగాణీ కప్పు బోర్లించండి, అడుగున మెరుపు లేని గరుకు వలయం ఉంటుంది, మామూలు పదునుకి అది చాలు. వార్తాపత్రిక అంచు చిరగకుండా తెగితే పదునెక్కినట్టు.

పిల్లలకి ఎప్పుడు ఇవ్వచ్చు?

వయసు అంకె చెప్పలేను, పిల్లని బట్టి ఉంటుంది. మా అన్నయ్య కూతురికి పదకొండో ఏట ఇచ్చాను. మొదటి వారమంతా కత్తెర, స్క్రూడ్రైవర్ మాత్రమే వాడమన్నాను. రెండో వారం చాకు తెరవడం, మూయడం నేర్పాను. మూసేటప్పుడు బ్లేడు అంచు దారిలో వేళ్ళు ఉండకూడదు, పిడిని పక్కలనుంచి పట్టుకుని అరచేత్తో బ్లేడు వీపుని నొక్కాలి. కోసేటప్పుడు ఒంటికి దూరంగా కోయాలి. ఎవరికైనా అందించాలంటే మూసే అందించాలి. వాళ్ళు "తీసుకున్నా" అనేదాకా వదలకూడదు. బడి సంచిలోకి అసలు వెళ్ళకూడదు. మా పిల్లకి ఇప్పుడు పద్నాలుగు. వాళ్ళింట్లో మిక్సీ ప్లగ్గు ఊడినా, నాన్న చొక్కా గుండీ దారం వేలాడినా ముందు పిలిచేది దాన్నే. మెయిన్ దించారా అని అడిగాకే ప్లగ్గు ముట్టుకుంటుంది.